కూడికలో నేను చెప్పిన సాక్ష్యం

నర్సు పనిలో చేరబోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ అనుభవాలు చెప్పండి" అని అడుగుతుంటారు. కలరా గురించి, దేవిడీల్లో, అంటే నవాబుల మేడల్లో, బేగంల పురుళ్ల గురించి చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ చేశాను. వాటివల్ల నేను నేర్చుకున్నది తక్కువ. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా రోగుల్లో ఒకరికి అందరికన్నా ఎక్కువ చెడు చేసిన మనిషి ఎవరంటే, నేనే. మందు తప్పిచ్చి కాదు, సూది తప్పుగా గుచ్చి కాదు. ఒక ఆదివారం సాయంత్రం ఉతికిన తెల్లచీర కట్టుకొని, దేవుణ్ని స్తుతిస్తూ చేశాను.

ఆ రోగి కూతురికి ఉత్తరం రాసి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఆనవాళ్లు కూడా మార్చాను. ఎందుకు మార్చానో చదివితే మీకే తెలుస్తుంది.

మా పని

మాది పురానాపూల్ దగ్గర మిషన్ వాళ్ల చిన్న దవాఖానా. నిజాం కాలం. పాతబస్తీ ఆడవాళ్లు, అందులో తురకవాళ్లేమి, హిందువులేమి, దవాఖానా గడప తొక్కేవాళ్లు కాదు. మేమే ఇండ్లకు పోవాలి. ఖాదర్ భాయ్ అనే ఆయన జట్కాకు నాలుగు వైపులా పరదా కట్టి తెచ్చేవాడు. అందులో కూర్చొని హుస్సేనీఆలం నుంచి కిషన్‌బాగ్ దాకా రోజంతా తిరిగేదాన్ని.

ఇండ్లకు పోయే నర్సు చూసేది రోగాన్ని మాత్రమే కాదు. ఏ ఇంట్లో పొయ్యి రాజలేదో, ఏ కోడలి వీపు మీద వాతలున్నాయో, అన్నీ చూస్తుంది. కాబట్టి పిల్లల్లారా, ఈ పనికి చేతి నేర్పు కన్నా ముందు కావలసింది నోటి కట్టుబాటు. నాకు చేతి నేర్పు ఉండేది. నోట్లో మాత్రం నువ్వు గింజ నానేది కాదు. చిన్నప్పుడు మా అమ్మ ఆ మాట అని మొట్టికాయ వేసేది. సరిపోలేదు, ఇంకో నాలుగు వేయాల్సింది.

మా డాక్టరమ్మ సముద్రాలు దాటి వచ్చిన మనిషి. తెలుగు అంతా బైబిలు చదివి నేర్చుకున్నది. "రత్నమ్మా, నీవు చేతులు కడుగుకొంటివా?" అని అడిగేది. ఆమె వెనక మేం కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లం. కానీ పుండ్లు కడిగిన బేసిను తోమడానికి ఎవరూ లేకపోతే, నోరెత్తకుండా తానే కూర్చొని తోమేది. అట్లాంటి పై అధికారి నాకు మళ్లీ దొరకలేదు. ఆమెలో ఒక్క బలహీనత ఉండేది. ఆదివారం సాయంత్రం స్త్రీల ప్రార్థన కూడికలో సాక్ష్యాలు వినడమంటే ఆమెకు ప్రాణం.

సాక్ష్యమంటే తెలియని వాళ్లకు చెబుతాను. పాటయ్యాక ఒక్కొక్కరూ లేచి, ఈ వారం దేవుడు నా చేత ఏ మేలు చేయించాడో చెప్పాలి. వినేవాళ్లు మధ్యమధ్య "స్తోత్రం!" అంటారు. కొందరు "నా పిల్లకు జరం తగ్గింది, స్తోత్రం" అని రెండు ముక్కల్లో చెప్పి కూర్చునేవాళ్లు. నేనట్లా కాదు. నేను లేస్తే చంటిపిల్లల తల్లులు కూడా పిల్లల నోట్లో రొమ్ము పెట్టి ఊరుకోబెట్టి వినేవాళ్లు. "మహిమంతా ప్రభువుకే" అనే ముగించేదాన్ని. ఇంటికి పోయేటప్పుడు నా సంచిలో ఎంతో కొంత మహిమ వేసుకొనే పోయేదాన్ని.

లచ్చవ్వ

యుద్ధం రోజుల్లో కిషన్‌బాగ్‌లో మల్లయ్య అనే పాలాయన ఉండేవాడు. నాలుగు బర్లు, పెంకుటిల్లు, ఇంటి ముందు అరుగు, పక్కన కొట్టం. చుట్టుపక్కల పెద్ద ఇండ్లకు పాలు పోసేవాడు. భార్య లచ్చవ్వ. మూడేండ్ల కూతురు యాది. పిల్లకు దగ్గు వస్తే చూడటానికి పోయాను.

నేను పిల్ల గుండె చూస్తుండగా లచ్చవ్వ పొయ్యి మీద పొంగుతున్న పాలగిన్నెను వట్టి చేత్తో దించింది. గుడ్డ లేదు, పట్టకారు లేదు. ముంజేయి అంచుకు తగిలి చర్మం చుర్రుమంది. ఆ వాసన నాకొచ్చింది, ఆమెకు రాలేదు.

"లచ్చవ్వా, చెయ్యి కాలుతుంది!" అని అరిచాను.

"ఏంది? అయ్యో... తెల్వనే లేదు సిస్టరమ్మా" అని నవ్వింది.

ముంజేతి మీద అరచేతంత పాలిపోయిన మచ్చ ఉంది. సంచిలోంచి పిన్నీసు తీసి గుచ్చాను. ఆమె నా మొహం వైపే చూస్తోంది, ఎప్పుడు గుచ్చుతానా అని.

డాక్టరమ్మ వచ్చి చూసింది. పెద్దరోగమే, కుష్ఠు. "ఈ రకము ఇతరులకు అంటుకొనదు. అయినను నీవు పాలు పితుకవద్దు, గిన్నెలు ముట్టవద్దు" అని లచ్చవ్వతో చెప్పి, మల్లయ్య చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టును మల్లయ్య అక్షరం తప్పకుండా నిలబెట్టుకున్నాడు. రోజూ రెండు పూటలా పితకడం, పోయడం, తోమడం అన్నీ తానే చేసుకున్నాడు.

నేను వారానికి రెండుసార్లు పోయి సూది ఇవ్వాలి. చిక్కటి పసుపు నూనె, వెచ్చబెట్టి మచ్చ చుట్టూ పది పన్నెండు చోట్ల గుచ్చాలి. మచ్చ అంచున స్పర్శ ఉంటుంది, అక్కడ ప్రాణం పోతుంది. మల్లయ్య ప్రతిసారీ పక్కనే కూర్చొని, భార్య చేతిని తన రెండు చేతుల్లో పట్టుకొని, "అయిపాయె, అయిపాయె, ఇంగొక్కటే" అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

మొదటి రోజే లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, గిది గీ ఇంట్లకెళ్లి బయటికి పోవద్దు. తెలిస్తే కులపోళ్లు నన్ను గీ ఇంట్ల ఉండనియ్యరు. నా పిల్ల సంటిది."

"నా ప్రాణం పోయినా చెప్పను" అన్నాను. గల్లీలో అడిగిన వాళ్లకు, రెండో కాన్పు కోసం మందు తీసుకుంటోందని చెప్పాం.

ఆ ఆదివారం

ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు మచ్చ మీద గడ్డిపరకతో తాకితే లచ్చవ్వ ఉలిక్కిపడింది. "సిస్టరమ్మా, చీమ పాకినట్టున్నది!" అని అరిచి, మళ్లీ తాకమంది. మళ్లీ తాకాను. మల్లయ్య గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

అది శుక్రవారం. ఆదివారానికి ఇంకా రెండు రోజులున్నాయి. ఆ రెండు రోజులు నేను ఆగగలిగానంటేనే ఆశ్చర్యం.

కూడికలో లేచాను. పేరు చెప్పలేదు. పేట చెప్పలేదు. ఆ మాత్రం తెలివి నాకుందని మురిసిపోయాను కూడా. "ఒక పాలవాళ్ల ఇల్లు" అన్నాను. అంతటితో ఆపితే కథకు రంగు రాదు కదా! "వాళ్ల కొట్టంలో ఒంటికొమ్ము బర్రె ఉంది, నన్ను చూస్తే ఆ ఒక్క కొమ్మే విసురుతుంది" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వించాను కాబట్టి ఇక ఏడిపించాలి. రోగం సంగతి, పిన్నీసు సంగతి చెప్పాను. ఆ తర్వాత నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "కట్టుకున్న మొగుడే ఆ చెయ్యి ముట్టుకోను భయపడి దూరం జరిగాడు. నేను ముట్టుకున్నాను. ప్రభువు నాకు ఆ ప్రేమనిచ్చాడు."

అబద్ధం! పచ్చి అబద్ధం. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. నా చెయ్యి పెద్దగా కనబడాలని ఆ అమాయకుడి చేతులు నరికేశాను. దేవుడి పేరు మీద, కళ్లు మూసుకొని. ఛీ, ఎంత సిగ్గు! గదంతా "స్తోత్రం! స్తోత్రం!" అని మారుమోగింది. అందరికన్నా గట్టిగా అన్నది డాక్టరమ్మ.

రెండో వరుసలో దేవకరుణమ్మ కూర్చుంది. ధూల్‌పేట్ వైపు ఒక దేవిడీలో వంటమనిషి. ఆ దేవిడీకి పాలు పోసేది మల్లయ్య. ఎప్పుడైనా పాలు ఆలస్యమైతే ఆ కొట్టానికి పోయి తెచ్చేది కూడా ఆమే.

మంగళవారం

సూది ఇవ్వడానికి మంగళవారం పొద్దున పోయాను. గల్లీ మొగదలలోనే ఖాదర్ భాయ్ జట్కా ఆపి, "సిస్టరమ్మా, ఏందో లొల్లి ఉన్నది. నేల మొత్తం పాలే" అన్నాడు.

పరదా తొలగించి చూశాను. మల్లయ్య గడప ముందు పాలు మడుగు కట్టి ఉన్నాయి. పోయించుకున్న వాళ్లందరూ తెచ్చి అక్కడే కుమ్మరించి పోయారు. కుక్కలు నాకుతున్నాయి. అరుగు మీద నలుగురు కులపెద్దలు కూర్చున్నారు. లోపల్నుంచి యాది ఏడుపు వినిపిస్తోంది. నాకింకా అర్థం కాలేదు. అంత మొద్దుదాన్ని నేను! ఎవరో బయటపెట్టారనుకొని కోపంగా జట్కా దిగాను.

మల్లయ్య నాకెదురొచ్చాడు. గొంతు పెంచలేదు.

"నా పెండ్లాం చెయ్యి నేను పట్టలేదని చెప్పినవట గద సిస్టరమ్మా?"

రోగం బయటపడిందని కాదు, పాలు పోయాయని కాదు, ఆయన మొదట అడిగింది అది. "ఇంగ రాకుర్రి" అని ఆయన తలుపు వేసుకున్నాడు.

నేరుగా దేవకరుణమ్మ దగ్గరికి పోయి విరుచుకుపడ్డాను. ఆమె బిత్తరపోయింది. "దేవిడీల పసిపిల్లలున్నరు సిస్టరమ్మా, గా పాలే తాగుతరు. నేను మంచికే చెప్పిన. నువ్వే గద కూడికల చెప్పినవు?" అంది. ఆమెను ఏమని తిట్టను? సేవ చేశాననే ఆమె కూడా అనుకుంది.

డాక్టరమ్మ దగ్గర అంతా కక్కేశాను, అబద్ధం సంగతితో సహా. తిడుతుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. ఆమె మొహం సున్నంలా పాలిపోయింది. "నేనును ఆ కూడికలో ఉంటిని. ఆమె ఎవరో నాకు తెలియును. నిన్ను ఆపవలసినదానను. నేనును సంతోషించితిని" అంది. తర్వాత నా ఎదురుగానే టేబుల్ మీద తల పెట్టి ఏడ్చింది. దొరసాని ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆమె నన్ను వెంటబెట్టుకొని కిషన్‌బాగ్ పోయి, మల్లయ్య అరుగు మీద కూర్చొని, గల్లీ జనమంతా చూస్తుండగా ఆ బర్రె పాలు చెంబెడు తాగింది. నేనూ తాగాను. జనం చోద్యం చూశారు. "దొరసానికి ఏ రోగం అంటది? సీమ మందులుంటయి" అని వెళ్లిపోయారు. ఊరందరి మూతికి మూకుడు పెట్టగలమా? చెంబు కింద పెట్టాక చూస్తే, లచ్చవ్వ తలుపు సందులోంచి మమ్మల్నే చూస్తోంది. మేం చేసింది మళ్లీ నలుగురి ముందు ఇంకో కూడికే.

కులపెద్దలు గడువు పెట్టారు. ఆమె ఉంటే మల్లయ్యకు, పిల్లకు, బర్లకు ఆ గల్లీలో నీళ్లు పుట్టవు. మల్లయ్య ఆమెతో పాటు తానూ పోతానన్నాడు. లచ్చవ్వ ఒప్పుకోలేదు. వేరే జిల్లాలో పెద్దరోగం వాళ్ల ఆశ్రమం ఉంది. పిల్లలను రానివ్వరు. డాక్టరమ్మ తన మోటారులో దింపిరావడానికి సిద్ధమైంది.

పోయే రోజు లచ్చవ్వ కాళ్ల మీద పడ్డాను. "నన్ను క్షమించు" అన్నాను.

"మాఫ్ చేస్తనో లేదో నాకే తెల్వది. గా ఫికర్ గిప్పుడు నాకు లేదు" అంది. మోటారు ఎక్కుతూ ఆగింది. "యాదికి తలల పేలు పడ్డయి. గీయనకు దువ్వరాదు. నువ్వు దువ్వుతవా?"

"దువ్వుతాను."

"ఎవలకు చెప్పకు."

దువ్వెన

నాలుగు రోజుల తర్వాత రాజీనామా రాసుకొని డాక్టరమ్మ ముందుకు పోయాను. నేను కూడా ఆ ఆశ్రమానికే పోతాను, జన్మంతా అక్కడి వాళ్ల పుండ్లు కడుగుతాను అన్నాను. గొప్ప త్యాగం చేస్తున్నానని గొంతు కూడా వణికింది. ఆమె కాగితం చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది.

"వద్దు. అక్కడికి పోతే నీకు ఇంకా పెద్ద సాక్ష్యము దొరకును. నిన్ను ఆమె ఏమి అడిగెను? అది చేయుము."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. పోయి దువ్వాను.

మంగళవారం, శుక్రవారం, పొద్దున్నే. మొదటి ఏడాది మల్లయ్య నాతో మాట్లాడలేదు. దువ్వెన, నూనెగిన్నె అరుగు మీద పెట్టి కొట్టంలోకి పోయేవాడు. నేను వెళ్లాక వచ్చి తీసుకునేవాడు. యాది కరిచేది, గోళ్లతో రక్కేది. పేలు తీసి, నూనె రాసి, రెండు జడలు వేసేదాన్ని. రెండో ఏడాదికి పిల్ల నా ఒళ్లో తల పెట్టి నిద్రపోవడం మొదలుపెట్టింది. మెల్లమెల్లగా పాలవాడికలు తిరిగొచ్చాయి. మల్లయ్య కూడా "జర ఛాయ్ తాగుర్రి" అనే దాకా వచ్చాడు. నేను ఇంకెప్పుడూ కూడికలో లేవలేదు. ఎందుకు లేవడంలేదని అడిగిన వాళ్లకు గొంతు బాగాలేదని చెప్పాను.

ఇంతవరకు చదివి, రత్నమ్మ మారింది అనుకుంటున్నారా? నేనూ అట్లాగే అనుకున్నాను. ఎవరికీ తెలియకుండా చేస్తున్నాను, ఇదీ అసలైన సేవ అనుకున్నాను. డాక్టరమ్మకు, ఖాదర్ భాయ్‌కి తప్ప మా దవాఖానాలో ఎవరికీ తెలియదు. నాకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఆ రెండు జడల కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. ఇది కూడా చెప్పేయాలి.

ఐదేండ్లు గడిచాయి. ఒక శుక్రవారం అరుగు మీద కూర్చొని యాదికి జడ వేస్తున్నాను. గల్లీలో చిన్న మూటతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చిక్కిపోయింది, జుట్టు నెరిసింది. చేతిలో ఆశ్రమం డాక్టరు సంతకం పెట్టిన కాగితం. ముంజేయి మీద మచ్చ లేదు.

"యాదీ" అంది లచ్చవ్వ.

పిల్ల ఒక్క ఉదుటున నా వెనక్కి వచ్చి దాక్కుంది. నా చీర రెండు పిడికిళ్లతో పట్టుకొని, నా చెవిలో గుసగుసలాడింది.

"ఎవలు సిస్టరమ్మా గామె?"

లచ్చవ్వ విన్నది. ఆమె మొహం నేను చూడలేకపోయాను. ఐదేండ్లు! ఐదేండ్లలో వారానికి రెండుసార్లు ఈ పిల్ల తల నా చేతుల్లో ఉంది. మీ అమ్మ ఇట్లా ఉంటుంది, నీకోసమే పోయింది, వస్తుంది అని నేను ఒక్కసారి, ఒక్కసారైనా చెప్పలేదు. ఎవరికీ చెప్పవద్దంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. చెప్పవద్దన్నది ఊరికి. కన్నబిడ్డకు కాదు. మల్లయ్యకు అట్లాంటి మాటలు రావు, వచ్చినా దుఃఖంతో పెదవి విప్పడు. చెప్పగలిగింది నేనే. తెరవకూడని చోట తెరిచిన నోరు, తెరవాల్సిన చోట మూసుకుంది. పిల్ల నాదై ఉండాలని మూసుకుంది.

లచ్చవ్వ గడప దాకా రాలేదు. గల్లీలోనే నిలబడి, "నువ్వు దువ్వు సిస్టరమ్మా, సగంల ఉన్నది" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండు.

ఆ రోజు నేను చేసిన పని ఒక్కటే నా ఉద్యోగమంతటిలో సేవ అనదగింది. అరుగు దిగాను. దువ్వెన తీసుకుపోయి లచ్చవ్వ చేతిలో పెట్టాను. "ఇదిగో మీ అమ్మ" అన్నాను పిల్లతో. యాది వినలేదు. నా చీర పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే విడదీశాను. ఎనిమిదేండ్ల పిల్ల వేళ్లు అంత గట్టిగా ఉంటాయని నాకు తెలియదు. పదీ విడదీసి, జట్కా ఎక్కి, పరదా లాగేశాను.

"సిస్టరమ్మా! సిస్టరమ్మా!" అని పిల్ల గల్లీ అదిరేలా ఏడుస్తోంది.

ఖాదర్ భాయ్ పగ్గాలు పట్టుకొని వెనక్కి తిరిగాడు. "పిల్ల మస్తు ఏడుస్తున్నది సిస్టరమ్మా. ఎప్పుడు గిట్ల ఏడ్వది గద. జర ఆపాల్నా?"

"వద్దు భాయ్, పోనియ్. మళ్లెప్పుడూ ఈ గల్లీకి నన్ను తీసుకురాకు."